పాకలో నిలిచిపోయిన పాత మోటారు సైకిలు: ఆదివారపు మరమ్మతుకు ముందు తెలుసుకోవలసినవి

హోసూరు, కోలారు, బళ్లారి ప్రాంతాల తెలుగు పల్లెల్లో పశువుల పాకలోనో, గడ్డివామి చాటునో గోనెపట్టా కప్పిన పాత మోటారు సైకిలు ఒకటి తరచుగా కంటబడుతుంది. అది ఆ ఇంటి పెద్దాయన బండి. ఆయనకు చూపు మందగించిన నాటి నుంచో, కాలం చేసిన నాటి నుంచో అక్కడే ఉండిపోయింది. పాత ఇనుము కొనేవాడు అప్పుడప్పుడు వచ్చి ధర అడిగి పోతుంటాడు; ఇంట్లో ఆడవాళ్లు అమ్మనివ్వరు. బెంగళూరులోనో హోసూరు పారిశ్రామిక వాడలోనో ఉద్యోగం చేసే మనవడు శని, ఆదివారాల్లో ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చి ఆ బండిని మళ్లీ నడిపించాలని పూనుకుంటాడు. ముచ్చటైన పనే. అయితే ఇందులో చట్టపు చిక్కులున్నాయి, ప్రాణాపాయాలు కూడా ఉన్నాయి. ఏ పని ముందు, ఏ పని తరువాత, ఏది ఇంట్లో చేసుకోవచ్చు, ఏది చేయరాదు అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

మన చుట్టుపక్కల పుట్టిన బండ్లు

ఈ పాకల్లో కనిపించే బండ్లలో చాలావరకు మన దగ్గరి ఊళ్లలో తయారైనవే. రుస్తుం ఇరానీ 1960లో మైసూరులో స్థాపించిన ఐడియల్ జావా సంస్థ, 1961 నుంచి చెకొస్లొవేకియా నమూనాపై జావా మోటారు సైకిళ్లను తయారుచేసింది. ఆ కర్మాగారాన్ని ప్రారంభించినవారు అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజేంద్ర ఒడెయరు. బెంగళూరులో వాహనాల విడిభాగాలకు పేరుపడిన జె.సి. రోడ్డు కూడా ఆయన పేరిటిదే కావడం ఒక వింత. 1973 నుంచి ఈ బండ్లు యెజ్డీ అనే పేరుతో వచ్చాయి. 1996లో ఉత్పత్తి నిలిచిపోయింది. 2018లో జావా, 2022లో యెజ్డీ అన్న పేర్లతో మరో సంస్థ కొత్త బండ్లను విడుదల చేసినా, అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. వాటి భాగాలు పాత బండికి అమరవు. పేరు చూసి కొన్నవారు నష్టపోతారు.

ఇద్దరు కూర్చునే మోపెడ్‌గా ప్రసిద్ధికెక్కిన టీవీఎస్ 50 హోసూరు కర్మాగారం నుంచి 1980లో వెలువడింది. బుల్లెట్ తయారీ మద్రాసు రాష్ట్రంలో 1955లో మొదలై, తిరువొత్తియూరు కర్మాగారంలో కొనసాగింది. వీటితో పాటు 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, అంతకు ముందు నాటి రాజ్‌దూత్ కూడా మన వైపు విస్తారంగా తిరిగాయి. బుల్లెట్ మినహా ఇవన్నీ రెండు స్ట్రోకుల బండ్లే. వాటిలో వాల్వులు ఉండవు, విప్పవలసిన భాగాలు తక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి ఇవే అనువైనవి కాబట్టి ఈ వ్యాసంలో యెజ్డీని ఉదాహరణగా తీసుకుందాము.

సుమారు 250 సీసీల ఒకే సిలిండరు, దానికి రెండు సైలెన్సర్లు, ఎడమవైపు ఒకే కడ్డీ: లోనికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, దించితే గేరు. గేరు మార్చేటప్పుడు కాలి కదలికతోనే క్లచ్ విడిపడే ఏర్పాటు కూడా అందులో ఉంది. మన పెద్దలు క్లచ్ పట్టకుండా గేర్లు మార్చడం చూసి పిల్లలు ఆశ్చర్యపోయింది ఇందుకే.

పానా పట్టేముందు ఆర్.సి. వెతకండి

మరమ్మతుకు దిగే కుర్రవాళ్లు మొదట ఇంజను విప్పుతారు, ఆ తరువాత రంగు వేయిస్తారు, అన్నిటికంటే చివర కాగితాలు గుర్తుచేసుకుంటారు. ఈ వరుస పూర్తిగా తలకిందులు. వేల రూపాయలు పోసి తళతళలాడేలా చేసిన బండి కాగితాలు లేక రోడ్డెక్కలేకపోతే, అది మళ్లీ పాకలోకే చేరుతుంది.

మొదట చేయవలసింది చాసిస్ నంబరు, ఇంజను నంబరు వెతికి ఆర్.సి.లో ఉన్న వాటితో పోల్చడం. చాసిస్ నంబరు సాధారణంగా హ్యాండిలు కింద ఫ్రేము మెడ మీద ఉంటుంది. దాని మీద పేరుకున్న మట్టిని, గ్రీజును డీజిలులో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవాలి. అక్కడ గ్రైండరు, తీగ బ్రష్షు ఉపయోగించరాదు. ఫ్రేమును రంగుల షాపుకు పంపేటప్పుడు ఆ చోటు గీకవద్దని, మందంగా రంగు పూయవద్దని ముందే చెప్పి, టేపు అంటించి పంపాలి. ఆర్.టి.ఓ. కార్యాలయంలో ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకుంటారు. అంకె ఒక్కటి అరిగిపోయినా దొంగబండి అనుమానం వస్తుంది. చెరిగిపోయిన నంబరును మళ్లీ చెక్కించడం సొంతంగా చేస్తే అది నేరమే అవుతుంది.

యజమాని చనిపోయిన బండి విషయంలో నియమం స్పష్టంగా ఉంది. మరణించిన 30 రోజుల లోపల వారసుడు రిజిస్టరు చేసిన అధికారికి తెలియజేయాలి. అలా తెలియజేసినవారు మూడు నెలల వరకు ఆ బండిని నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. పల్లెల్లో ఈ గడువు ఎవరూ పాటించరు, తండ్రి పేరిట బండి పదేళ్లు పడి ఉంటుంది. ఆలస్యానికి అపరాధ రుసుము కట్టి, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగిలిన వారసుల సమ్మతి జతచేసి ఇప్పుడైనా మార్పించుకోవడమే మార్గం. అన్నదమ్ములుంటే సమ్మతి కాగితం ముందే రాయించుకోవడం మంచిది. బండి తుప్పుపట్టి ఉన్నంత కాలం ఎవరికీ అక్కరలేదు, మెరిసిన తరువాతే అందరికీ వాటా గుర్తుకొస్తుంది.

సరిహద్దు కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉంది. కుప్పంలో మేనమామ కొన్న బండి చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరుతో ఉంటుంది. అది ఇప్పుడు హోసూరు దగ్గరి పల్లెలో ఉంటే అక్కడి నంబరు టీఎన్ 70. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది. దీనికి పాత ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తెచ్చి, కొత్త చోట ఫారం 27 ఇచ్చి, అక్కడి పన్ను కట్టాలి. పాత చేతిరాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కని బండ్లు కొన్ని ఉంటాయి. వాటి వివరాలు ముందు పాత కార్యాలయంలోనే ఎక్కించుకోవాలి. ఇది ఒక్క ఆదివారంతో తేలే పని కాదు, అసలు ఆదివారం తేలే పనే కాదు. కనుక బండి విప్పిన రోజే ఈ దరఖాస్తులు కూడా మొదలుపెట్టాలి.

పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు చేయవలసిందేనన్న వదంతి మన వైపు బలంగా ఉంది. అది నిజం కాదు. ఢిల్లీ ప్రాంతంలో పాత బండ్లపై విధించిన ఆంక్షల వార్తలు విని పుట్టిన భయమది. సొంత వాడుక బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, ఫారం 25తో ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు ఈ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 2,000 రూపాయలకు పెంచింది. ఆలస్య రుసుము, రాష్ట్రాలు వసూలు చేసే హరిత పన్ను దీనికి అదనం. యాభై ఏళ్లు దాటి, మొదటి రూపం చెడకుండా ఉన్న బండ్లకు 2021 నియమాల ప్రకారం ‘వింటేజి’ రిజిస్ట్రేషను ఉంది. అయితే దానికి రుసుము 20,000 రూపాయలు, పైగా అలాంటి బండిని రోజువారీ రాకపోకలకు వాడరాదు. సంతకు వెళ్లి రావాలనుకునేవారికి అది పనికిరాదు.

ఫ్రేము కోసి పొడవు చేయడం, వేరే బండి ఇంజను బిగించడం, తయారీదారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా మార్చడం 52వ సెక్షను కింద నిషిద్ధం. 2019 సవరణ తరువాత యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. కాగితాలు లేని బండిని చవకగా వస్తోందని కొనడం గురించి చెప్పవలసిన మాట ఒక్కటే: కొనవద్దు.

విప్పడం

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనును ఒక్కసారిగా కిక్కు కొట్టకూడదు. పిస్టన్ రింగులు సిలిండరుకు తుప్పుతో అతుక్కొని ఉంటే, బలవంతం చేయడం వల్ల రింగు విరిగి గోడను గీరుతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొంచెం డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. శనివారం రాత్రి పోసి ఆదివారం ఉదయమే తొందరపడటం కంటే, ఒక వారం పోసి మరుసటి వారం తిప్పి చూడటం ఉత్తమం.

విప్పే ప్రతి దశలోనూ ఫోను కెమెరాతో ఫొటో తీసుకోవాలి. ముఖ్యంగా వైర్లు, క్లచ్ ప్లేట్ల వరుస, స్ప్రింగులు పట్టిన తీరు. బోల్టులకు, వాషర్లకు కోడిగుడ్ల అట్టలకు మించిన పెట్టె లేదు: ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటివి వేసి, పక్కన పెన్సిలుతో పేరు రాయాలి. జావా, యెజ్డీల నట్టులు మిల్లీమీటర్ల కొలతవి. మామూలు స్పానర్లు సరిపోతాయి. పాత బుల్లెట్‌లో ఇంగ్లండు కొలతల మరలు కూడా ఉంటాయి. వాటికి దగ్గరి సైజు స్పానరు పెట్టి లాగితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. అల్యూమినియం కేసింగులోని మరలు మరీ సున్నితం. బిగించేటప్పుడు చేతి వేళ్లతో మూడు నాలుగు చుట్లు సాఫీగా తిరిగిన తరువాతే స్పానరు పెట్టాలి.

భాగాలు కడగడానికి పెట్రోలు వాడవద్దు. దాని ఆవిరి నేలబారుగా పాకి, దూరాన ఉన్న పొయ్యి వద్దనో బీడీ వద్దనో అంటుకుంటుంది. గడ్డి ఉన్న పాకలో ఆ మాట చెప్పనక్కరలేదు. డీజిలు చాలు.

ట్యాంకు, కార్బురేటరు, నిప్పు

నిలిచిన బండికి మొదటి శత్రువు ట్యాంకులోని తుప్పు. నిమ్మ ఉప్పును వేడినీటిలో లీటరుకు 100 గ్రాముల చొప్పున కరిగించి ట్యాంకు నింపి ఒక రోజు ఉంచితే తుప్పు చాలావరకు కరుగుతుంది. మొండి తుప్పుకు గుప్పెడు చిన్న నట్టులు వేసి కుదపాలి. లెక్కపెట్టి వేయాలి, లెక్కపెట్టి తీయాలి. తరువాత సోడా నీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే కొంచెం ఆయిలు కలిపిన పెట్రోలు లోపల తిప్పాలి. తడి ఆరిన గంటల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది.

ట్యాంకుకు చిల్లి ఉంటే ఇంట్లో వెల్డింగు చేయనే చేయరాదు. పెట్రోలు లేని ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అందులో గాలితో కలిసిన ఆవిరి ఉంటుంది. అది నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. ఈ పని చేయడానికి అలవాటుపడిన వెల్డరు దగ్గరికే తీసుకెళ్లాలి. ఒకప్పుడు పెట్రోలు ట్యాంకన్న సంగతి అతనికి నోరు తెరిచి చెప్పాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత బండ్లు దానికోసం తయారుకాలేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి వారాల తరబడి నిలిస్తే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున చేరి తుప్పు పెంచుతాయి. పాత రబ్బరు గొట్టాలు, ప్యాకింగులు మెత్తబడి ఉబ్బుతాయి. కనుక పెట్రోలు గొట్టం, ట్యాపులోని వాషర్లు కొత్తవి వేయడం తప్పనిసరి.

కార్బురేటరు జెట్టు రంధ్రంలో సూది, తీగ గుచ్చడం మన మెకానిక్కుల్లో కూడా కొందరికి ఉన్న దురలవాటు. ఇత్తడి మెత్తన; రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నానబెట్టి, గాలి కొట్టించడమే సరైన పద్ధతి. పాయింట్ల సందు సాధారణంగా 0.4 మిల్లీమీటరు, ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటరు ఉంచుతారు. ఫీలర్ గేజి అనే రేకుల కట్ట కొద్దిపాటి ధరకే దొరుకుతుంది, కంటితో అంచనా వేయనక్కరలేదు.

పెట్రోలు వస్తోంది, నిప్పు పడుతోంది, అయినా బండి పట్టడం లేదు, పట్టినా తనంత తానే రేసు పెరుగుతోంది: ఇలాంటప్పుడు అందరూ కార్బురేటరును పదిసార్లు విప్పుతారు. అనుమానించవలసింది క్రాంకు ఆయిలు సీళ్లను. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు గది కూడా గాలి, పెట్రోలును తోసే పంపే. ఏళ్లు నిలిచి రబ్బరు గట్టిపడిన సీలు సందుల గుండా గాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, ఇంజను వేడెక్కి, పిస్టన్ పట్టేస్తుంది. గేరు ఆయిలు వైపు సీలు పోతే తెల్లపొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిలు తరిగిపోతుంది. పదేళ్లు నిలిచిన బండికి సీళ్లు బాగున్నాయో లేదో పరీక్షించడం కంటే మార్చివేయడమే తెలివి.

సిలిండరు బోరు వేయించడం, క్రాంకు షాఫ్టు విడదీసి కొత్త కనెక్టింగు రాడ్డు ఎక్కించడం మాత్రం స్నేహితుల పని కాదు. మంచి లేతు షాపుకు పంపాలి. సిలిండరును పిస్టన్‌కు అనుగుణంగా కోస్తారు గనుక, కొత్త పిస్టన్‌ను ముందు కొని రెండూ కలిపి ఇవ్వాలి. పెద్ద సైజు పిస్టన్లు సాధారణంగా 0.25 మిల్లీమీటరు తేడాతో వస్తాయి. విడిభాగాల కోసం బెంగళూరు జె.సి. రోడ్డు, చెన్నై పుదుపేట, సికింద్రాబాదు రాణీగంజ్ తిరగవలసి రావచ్చు. ఇక్కడ భాష అడ్డం కాదు. తమిళంలో బేరమాడినా, కన్నడంలో బతిమాలినా, ప్లగ్గు ప్లగ్గే, బుష్షు బుష్షే. పాత భాగాన్ని జేబులో వేసుకొని వెళ్లడం మాత్రం మరువరాదు.

ఆగడం నేర్పిన తరువాతే పరుగు

ఇంజను పట్టిన సంతోషంలో బ్రేకులు చూడకుండా ఊరి చుట్టూ తిరగడం ఎక్కువ ప్రమాదాలకు మూలం. డ్రమ్ములు విప్పినప్పుడు కనిపించే నల్లటి దుమ్మును నోటితో ఊదవద్దు, గాలి కొట్టవద్దు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత కూడా వ్యాధి తెస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయాలి. కొత్త షూలు, కొత్త కేబుళ్లు వేయాలి. కేబులు పైకి బాగున్నా లోపలి పోగులు తెగి ఉంటాయి.

టైరు పక్క గోడపై నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్లు లోతుగా ఉన్నా, వయసు మీరిన రబ్బరు గట్టిపడి పగులుతుంది, తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. అలాంటి టైరును ఎండ్లబండికి ఇవ్వండి.

ఇంజనును తలుపులు మూసిన షెడ్డులో నడిపి పరీక్షించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగతతో మొదలై ప్రాణం తీస్తుంది. వర్షం కురుస్తున్నా బండిని వాకిట్లోకి తోసి తీయాలి.

కార్ల సంగతి

1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800, అదే 2014లో నిలిచిపోయిన అంబాసిడరు కూడా ఇలాంటి బృందాల చేతిలో పడుతున్నాయి. కారు మీద ఇంట్లో చేయదగిన పనులు కొద్ది: ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, రేడియేటరు గొట్టాలు, సీట్లు. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది, నిలిచిన కారులో దానిని పూర్తిగా మార్చాలి; ఆ గొట్టాల్లో గాలి మిగిలిందో లేదో తెలిసినవారే చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎవరూ దూరరాదు. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఒక్కసారిగా చిట్లుతాయి. గట్టి ఇనుప స్టాండ్లు పెట్టి, మిగిలిన చక్రాలకు దుంగలు అడ్డం వేసి, చేత్తో గట్టిగా ఊపి చూసిన తరువాతే పని. స్టాండ్లు లేవా, ఆ పని షాపుకు వదిలేయండి.

లెక్కలు, తొలి ప్రయాణం

నలుగురు చేరినప్పుడు డబ్బు మాట మొదటే తేల్చుకోవాలి. బండి ఎవరి పేరిట ఉంటుందో, ఖర్చు ఎవరిదో, అమ్మితే వాటా ఏమిటో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం నామోషీ కాదు. ఆ పుస్తకంలోనే కొన్న భాగం, ధర, వేసిన తేదీ రాస్తూపోతే రేపటి మెకానిక్కుకు కూడా ఉపకరిస్తుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, అయితే ఆసిడ్ బ్యాటరీకి, తిరిగే చైనుకు దూరంగా.

ఆర్.సి., బీమా రెండూ సక్రమమైన తరువాతే రోడ్డెక్కాలి. బీమా లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. ఎవరికైనా గాయమైతే ఆ పరిహారం పొలం అమ్మినా తీరదు.

పెట్రోలులో 2టి ఆయిలు కొలత ఆ మోడలు పుస్తకంలో చెప్పినంత కలపాలి. నాలుగు శాతమంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, మూడు శాతమంటే 30. కొలిచే చిన్న సీసా బండిలోనే ఉంచుకోవాలి. బోరు వేయించిన బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఇద్దరిని ఎక్కించుకోకుండా, ఒకే వేగంతో లాగకుండా, మధ్యమధ్య ఆపి చల్లార్చుతూ నడపాలి. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా మూసి జారవిడవద్దు. ఈ ఇంజనుకు ఆయిలు పెట్రోలుతోనే అందుతుంది గనుక, పెట్రోలు ఆగితే వేగంగా తిరుగుతున్న పిస్టన్‌కు ఆయిలు కూడా ఆగుతుంది. నడుమ నడుమ యాక్సిలరేటరు కొద్దిగా ఇస్తూ దిగాలి.

వచ్చే వారం దాకా బండి తీయరనుకుంటే, ఇల్లు చేరేముందే పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బురేటరులో మిగిలింది అయిపోయి ఇంజను తనంత తానే ఆగేదాకా నడవనివ్వండి.